క్రూ స్టేషనులో తెల్లటోపీ

ఒక్క నోటితో, ముప్పావు గంటలో, నిండు గుడిలో ఒక తల్లి తల వంచుకునేలా చేసి, సముద్రాల అవతల ఉన్న నా స్నేహితురాలి గుట్టును బందరు నడిబొడ్డున ఆరబోసిన ఘనత నాకుంది. ఆ సంగతి నేనే చెప్పాలి. పదేళ్ళుగా చెప్పి చెప్పి నాకు అలుపొచ్చిన మాట నిజమే. కానీ నేను ఊరుకుంటే మా స్త్రీల సమాజం వాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పినప్పుడల్లా ఆ కథలో నేను ఇంకాస్త లావవుతున్నాను.

నా పేరు కరుణ. మా నాన్న గూడూరు దగ్గర పల్లెలో బడిపంతులు. నేను పుట్టిన రోజున మోకరించి ప్రార్థన చేసి మరీ ఆ పేరు పెట్టారట. అన్ని ప్రార్థనలూ ఫలించవని చెప్పడానికి మా ఇంట్లో నన్నే ఉదాహరణగా చూపించేవారు. బి.ఏ. చదివాను. బందరులో ఆడపిల్లల బళ్ళో చరిత్ర చెబుతాను. వాదనలో ఓడిపోయిన జ్ఞాపకం లేదు. అందరూ తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటారు. నేను పట్టిన కుందేలుకు ఎవరైనా నాలుగో కాలు చూపిస్తే, అది తోక అని వాళ్ళ చేతే ఒప్పిస్తాను.

రత్నం నా హాస్టలు నేస్తం. మాట తక్కువ మనిషి. అది ఒక వాక్యం మొదలుపెడితే నేను పూర్తిచేసేదాన్ని. దానివల్ల ఇద్దరికీ సమయం కలిసొస్తుందని అప్పట్లో నా అభిప్రాయం. ఇంటరు తర్వాత నేను బి.ఏ.లో చేరాను, అది మిషను ఆసుపత్రిలో చీట్లు రాసే పనిలో చేరింది. దాని తల్లి మాణిక్యమ్మ పిన్నిది దివిసీమ. భర్త పోయాక కూతుర్ని వెంటపెట్టుకుని బందరు వచ్చి, అదే ఆసుపత్రిలో నర్సుల బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. గంజి పెట్టిన ఆ తెల్లటోపీల్లో ఒకటి తన కూతురి తల మీద చూడాలని ఆమెకు ఒకే ఒక్క కోరిక.

ఆ కోరిక ఎలా తీరిందో చెప్పాలంటే మా ఆడవాళ్ళ గుప్పెడు బియ్యం సంగతి చెప్పాలి. మా క్రైస్తవుల ఇళ్ళలో ఇల్లాలు పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన ఒక సంచిలో వేస్తుంది. అది దేవుడి గుప్పెడు. ఇంట్లో తినడానికి ఉన్నా లేకపోయినా ఆ సంచి జోలికి ఎవరూ పోరు. ఆదివారం సంచులన్నీ గుడికి వస్తాయి, ఆ బియ్యం అమ్మి ఏదో ఒక మంచి పనికి వాడతారు. ఆ ఏడాది గుప్పెళ్ళన్నీ కలిసి రత్నం ఓడ టిక్కెట్టయ్యాయి. ఇంగ్లండులో నర్సు చదువు చదివి, తిరిగొచ్చి మన రోగుల గాయాలు కట్టాలని ఒప్పందం. అప్పట్నించీ మా సంఘంలో ప్రతి ఇల్లాలూ రత్నాన్ని తానొక్కతే పంపానని నమ్మేది. సమాజం అధ్యక్షురాలు సౌభాగ్యమ్మగారైతే, "నా బియ్యంతోనే ఓడలో ఏడెను రేవు దాకా వెళ్ళి ఉంటుంది" అనేవారు. ప్రతి ఆదివారం ప్రార్థనలో రాజ్యాధికారుల తర్వాత, రోగుల కంటే ముందు, "మా నర్సు రత్నం" అని పేరు చదివేవారు.

రత్నం ఉత్తరాలు మాత్రం దాని మాటల్లాగే పొట్టిగా ఉండేవి. క్షేమం, పని ఎక్కువగా ఉంది, నా కోసం ప్రార్థించండి. అంతే.

రెండేళ్ళకి నాకూ యోగం పట్టింది. మాంచెస్టరులో ఏడాది ఉపాధ్యాయ శిక్షణకు ఎంపికయ్యాను. బయలుదేరే రోజున మాణిక్యమ్మ పిన్ని ఒక మూట తెచ్చింది. అందులో ఒక జాడీ ఆవకాయ, దివిసీమ నుంచి తెప్పించిన ఎండు రొయ్యలు ఒక వీశెడు. "దాని అడ్రసు ఇందులో ఉందమ్మా. పోస్టులో పంపినా సరే. దాని చేతిలో పెడితే ఇంకా సంతోషం" అంది. అంత పెద్ద దేశంలో ఎక్కడని వెతకను పిన్నీ అన్నాను. "దేవుడు కలుపుతాడు" అంది. అదేదో గుడివాడ సంతలో కలుస్తామన్నంత తేలిగ్గా.

ఓడలో జాడీ కారింది. నా కొత్త ఉన్నికోటుకు ఆవకాయ నూనె పట్టి, ఇంగ్లండులో దిగేసరికి నేనే ఒక ముక్కలా ఊరి ఉన్నాను. లండన్లో రైలెక్కితే పెట్టెలో ఉన్న నలుగురూ ఒకరి తర్వాత ఒకరు లేచి వెళ్ళిపోయారు. పరాయి దేశపు ఆడదానికి సీటంతా వదిలిన వాళ్ళ మర్యాదకు నా కళ్ళు చెమర్చాయి. అది ఎండు రొయ్యల మహిమ అని తెలియడానికి నాకు నెల పట్టింది.

క్రూ అనే జంక్షనులో రైలు మారాలి. మన గుడివాడ లాంటిదే, నాలుగు వైపుల రైళ్ళూ అక్కడ తలలు దూర్చుకుంటాయి. చలికి వణుకుతూ టీ అమ్మే గదిలోకి వెళ్ళాను. బల్ల అవతల తెల్లటోపీ, తెల్ల పైబట్ట, వాటి మధ్య నల్లటి గుండ్రటి మొహం. రత్నం.

నేను మూట కింద పడేసి, "దేవుడా నీకు స్తోత్రం" అన్నాను. టీ తాగుతున్న ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు.

"కరుణా, నువ్వా" అంది రత్నం. మొహం పాలిపోయింది. సంతోషం ఎక్కువైతే అలాగే అవుతుందనుకున్నాను.

"నేనే. ఆ టోపీ ఎంత బాగుందే నీకు. పిన్ని చూస్తే చచ్చిపోతుంది. అవునూ, ఆసుపత్రిలో ఉండాల్సినదానివి స్టేషనులో ఉన్నావేమిటి?"

"అది కాదే కరుణా, నేను..."

"తెలిసింది. రైళ్ళలో ఎవరికైనా సుస్తీ చేస్తే చూడడానికి నిన్నిక్కడ వేశారు. మన స్టేషన్లలో అయితే సోడా తాగించి పంపేస్తారు. నాగరికత అంటే ఇదీ."

ఆ నర్సు నాకు ఒక కప్పు టీ, ఒక తియ్యటి బన్ను ఇచ్చింది. జబ్బు లేకపోయినా ఇంత ఆదరణా అని ముచ్చటపడ్డాను. బన్ను మెత్తగా దూదిలా ఉంది. మూట దాని చేతిలో పెట్టి, మన దేవుడు ఎంతటివాడో వివరిస్తూ ఉండగా నా రైలొచ్చింది. రైలు కదులుతుంటే రత్నం కిటికీ పక్కన పరిగెత్తుకుంటూ ఏదో అంటోంది. నేను చెయ్యి ఊపి, "నీ కోసం ప్రార్థన చేస్తాలే" అని అరిచాను.

తొమ్మిది రోజులకే అది క్రూ వదిలేసి వెళ్ళిపోయిందని నాకు అప్పుడు తెలియదు. నేను మళ్ళీ అదే దారిన రైలు మారతానని భయపడి, సముద్రం ఒడ్డున బ్లాక్‌పూల్ అనే ఊరికి మకాం మార్చిందట.

ఆ వేసవిలో మా కళాశాల వాళ్ళు మమ్మల్ని తీసుకెళ్ళింది ఎక్కడికో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. మీరు నాకంటే తెలివైనవాళ్ళు. సముద్రమంటే బందరు దగ్గరి బురద సముద్రం తెలిసినదాన్ని, ఇసక మీద మడమలు చూపిస్తూ తిరిగే దొరలను చూసి విసుగెత్తి, రోడ్డు పక్క ఒక ఇంటి అద్దాల వరండాలోకి తొంగిచూశాను. లోపల ఒక పది మంది ముసలివాళ్ళు మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని వరసగా కూచుని ఉన్నారు. వాళ్ళ మధ్య ట్రే పట్టుకుని, మళ్ళీ ఆ తెల్లటోపీ.

అది సెలవులకు వచ్చినవాళ్ళు దిగే పూటకూళ్ళ ఇల్లు. నా చదువుకున్న కళ్ళకి మాత్రం గాలి మార్పు కోసం రోగులను ఉంచే వార్డులా కనబడింది. సరాసరి లోపలికి వెళ్ళాను. నన్ను చూసి రత్నం చేతిలో ట్రేలోని టీ ఎవరి దుప్పటి మీదో ఒలికించింది.

"ఇక్కడికెలా వచ్చావే?" అంది, ఏడుపు గొంతుతో.

"నేనెక్కడ వచ్చాను, నన్ను దేవుడు నడిపించాడు. ఒకసారైతే యాదృచ్ఛికం అంటారు గిట్టనివాళ్ళు. రెండోసారి ఏమంటారు?"

అది నన్ను మూలకు లాక్కెళ్ళి చెయ్యి పట్టుకుంది. "కరుణా, నీకు దణ్ణం పెడతాను. నన్ను చూశానని ఇంటికి రాయకు."

"ఎందుకని?" అని అడిగాను. అడిగానా, దాని పెదవులు విడీ విడకముందే జవాబు నాకే తట్టింది. కుడిచేత్తో చేసిన మేలు ఎడమ చేతికి తెలియకూడదన్న వినయం. ముసలి రోగులకు చేసే సేవ ఊళ్ళో చాటింపు కావడం దానికి ఇష్టం లేదు. "నాకు అర్థమైందిలే. ఒక్క ముక్క రాయను" అని మాటిచ్చాను. నిలబెట్టుకున్నాను కూడా. రాయకు అంది గానీ, తిరిగొచ్చాక నోటితో చెప్పకు అనలేదు కదా. ఆ తర్వాత ఈ పాయింటు మీద నేను చాలామందితో వాదించాను. వాదనలో నాదే గెలుపు. మిగిలినవన్నీ ఓటమి.

మూడోసారి లండన్లో. చదువు ముగించుకుని ఓడ ఎక్కే ముందు రోజు వీధులు తప్పిపోయి, దారి అడుగుదామని ఒక రొట్టెల దుకాణంలోకి వెళ్ళాను. అంత మహానగరంలో కరుణ కంట పడనని నమ్మి రత్నం చేరింది ఆ దుకాణంలోనే. మనిషి చిక్కింది, మోచేతుల దాకా పిండి పట్టి ఉంది. నన్ను చూసి ఈసారి అది కంగారు పడలేదు. పిండిచేతులు బల్ల మీద పెట్టి, దీర్ఘంగా ఊపిరి తీసుకుని, "కూచో. నీకో మాట చెప్పాలి" అంది.

దాని జన్మలో అంత పొడుగు ముందుమాట ఎప్పుడూ చెప్పలేదు. నేను గమనించాల్సింది. నేను మాత్రం దాని చేతుల పిండి చూస్తున్నాను. విరిగిన ఎముకలకు వేసే కట్టుపిండి అన్నమాట, డ్యూటీ నుంచి సరాసరి రొట్టె కొనుక్కోవడానికి వచ్చింది, పాపం కడుక్కునే తీరిక కూడా లేదు. బల్లకు ఆ పక్కన ఎందుకు నిలబడిందన్న ప్రశ్న నాకు రాలేదు. నా మనసు అప్పటికే పరలోకంలో ఉంది.

"నువ్వేం చెప్పక్కర్లేదే. మూడుసార్లు. మూడు ఊళ్ళు. ముందు కళ్ళు మూసుకో" అని దాని పిండిచేతులు పట్టుకుని, గొంతెత్తి తెలుగులో ప్రార్థన మొదలుపెట్టాను. బందరు నుంచి మొదలుపెట్టి ఓడ, సూయజు కాలువ, క్రూ, బ్లాక్‌పూల్ అన్నీ దేవుడికి గుర్తుచేస్తూ వచ్చాను, ఆయన మరిచిపోయి ఉంటాడేమోనని. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి దుకాణంలో పదిహేను మంది వరస కట్టి, టోపీలు చేతుల్లో పట్టుకుని నిలబడి ఉన్నారు. దుకాణం యజమాని గడియారం చూస్తున్నాడు. రత్నం కళ్ళలో నీళ్ళు. నా ప్రార్థన అంత బాగా కుదిరిందనుకున్నాను.

"వెళ్ళిరావే" అంది అది నీరసంగా. ఒక బన్ను కాగితంలో చుట్టి ఇచ్చింది.

ఇక అసలు ప్రళయానికి వస్తాను.

నేను బందరు చేరిన రెండో ఆదివారం మధ్యాహ్నం నా కోసం కృతజ్ఞత కూడిక పెట్టారు. అలాంటప్పుడు తిరిగొచ్చినవాళ్ళు సాక్ష్యం చెప్పాలి. సాక్ష్యమంటే దేవుడు మనకు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పడం. మా వాళ్ళకి సాక్ష్యంలో ఊరు, వీధి, పూట, వాతావరణం అన్నీ కావాలి. ఏదైనా దాస్తే అది దేవుడి దగ్గర దాచినట్టే లెక్క. నేను మూడు రోజులు కూచుని కాగితం మీద రాసుకున్నాను. ముందు వరసలో మాణిక్యమ్మ పిన్ని ఉతికిన చీర కట్టుకుని కూచుంది. పక్కన సౌభాగ్యమ్మగారు. వెనక కొత్తగా వచ్చిన ఆసుపత్రి డాక్టరు దొరసానమ్మగారు. ఆమె తెలుగు బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు.

క్రూ గురించి చెప్పాను. ఆడవాళ్ళంతా స్తోత్రం అన్నారు. టీ గది, తెల్లటోపీ, స్టేషను నర్సు. పిన్ని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను ఊపందుకుని రెండో ఊరికి బయలుదేరబోతుండగా దొరసానమ్మగారు లేచారు.

"సహోదరీ, క్షమింపవలెను. నేను పుట్టినది ఆ స్టేషనునకు నాలుగు మైళ్ళ దూరమందు. అచ్చట నర్సు ఎవరును లేరు. ఆ టోపీ పెట్టుకొనువారు తేనీరు ఇచ్చు బాలికలు."

ఇక్కడ ఎవరైనా బుద్ధి ఉన్నవాళ్ళు దగ్గు నటించి కూచుంటారు. నన్ను నిండు సభలో తప్పు పట్టారు, అదీ చరిత్ర టీచర్ని. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఊరుకుని ఉంటే చాలు, ఊరు దానంతటదే మంచిదయ్యేది. నేను వాదించాను.

రత్నం నర్సు కాకపోతే ఆ ట్రే మీద కప్పులు అంత జాగ్రత్తగా ఎలా మోస్తుందన్నాను. బ్లాక్‌పూల్లో వార్డునిండా రోగులున్నారు, మూడు పూటలా గుడ్లు, చేపలు తినిపిస్తోంది, నేను కళ్ళారా చూశానన్నాను. లండన్లో చేతులనిండా పిండి కట్టు ఉంది, దుకాణంలో బన్నులు కూడా తనే కాగితంలో చుట్టి ఇచ్చిందన్నాను. గెలవాలని ఒక్కో రుజువూ తీసి బల్ల మీద పెడుతున్నాను, ఒక్కో రుజువూ పోయి రత్నం మెడకు చుట్టుకుంటోంది. చివరి రుజువు నా నోట్లోంచి బయటికొస్తుండగా, నా మాటలు నా చెవిన పడ్డాయి. అప్పుడు అర్థమైంది, కుందేలుకు నాలుగు కాళ్ళూ ఉన్నాయని.

దొరసానమ్మగారి ఉత్తరాల వల్ల తర్వాత తేలిందేమిటంటే, రత్నం ఆరు నెలలకే నర్సు చదువు వదిలేసింది. వెళ్ళిపోయిన పిల్ల ఇంటికి వెళ్ళి ఉంటుందని ఆ ఆసుపత్రివాళ్ళు అనుకున్నారు. ఇంటికి రాలేదు గనక ఆసుపత్రిలోనే ఉందని మేము అనుకున్నాం.

"మనం గుప్పెళ్ళు తీసింది గాయాలు కట్టడానికి, టీ పోయడానికి కాదు" అన్నారు సౌభాగ్యమ్మగారు. ఎవరిని చూసి అన్నారో చెప్పక్కర్లేదు.

మాణిక్యమ్మ పిన్ని తల వంచుకుని కూచుంది. ఇస్త్రీ చేసిన చీర మడత మీద ఒక చెయ్యి అలాగే ఉంది. అందరూ వెళ్ళేదాకా కదల్లేదు. చివరికి నా దగ్గరికొచ్చి, కోప్పడుతుందేమోనని నేను చూస్తుంటే, ఒక్క మాట అడిగింది. "అమ్మాయ్, ఆ రొయ్యలు తిందా అది?"

నాకు తెలియదు. మూడుసార్లు కలిశాను, అది తింటుందో లేదో, ఎక్కడ పడుకుంటుందో, ఎందుకు చిక్కిందో ఒక్కటీ అడగలేదు. అడిగినవాటికి జవాబులు నేనే చెప్పుకున్నాను.

ఆ మరుసటి ఆదివారం నుంచి ప్రార్థన జాబితాలో రత్నం పేరు లేదు. మాణిక్యమ్మ పిన్ని సంచి మాత్రం మునుపటికి రెండింతలయింది. నేనోసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు చూశాను. ఎసట్లో పోసే ముందు ఒక గుప్పెడు తీసి సంచిలో వేసింది, ఆగి, ఇంకో గుప్పెడు తీసింది. కుండలో మిగిలినవి పిట్టకు సరిపోయేన్ని ఉన్నాయి. ఇదేమిటి పిన్నీ అన్నాను. "మొదటిది దేవుడిదమ్మా. రెండోది దాన్ని పంపినవాళ్ళది" అంది. నేను ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని లేచిపోయాను.

రెండేళ్ళకి రత్నం దేశానికొచ్చింది. బందరు రాలేదు. గుడివాడలో దిగి, స్టేషను దగ్గర చిన్న గది తీసుకుని, బట్టీ కట్టించి, తల్లిని అక్కడికే తీసుకెళ్ళి రొట్టెలు, బన్నులు చేసి అమ్మడం మొదలుపెట్టింది. గుడివాడ బన్ను అని రైళ్ళలో అడిగి మరీ కొంటున్నారని మా బళ్ళో టీచర్లు చెప్పేవారు. నేను ఆ ఊరి మొహం చూడ్డం మానేశాను. గుడివాడలో చుట్టాల పెళ్ళి పడితే నాకు జ్వరం వచ్చేది. రెండేళ్ళలో ఏడుసార్లు వచ్చింది.

ఇలా ఉండగా ఒక ఆదివారం పొద్దున్నే బెజవాడ నుంచి బందరు బస్సులో వస్తున్నాను. ఆ రోజు మా గుడిలో పంట పండుగ. పామర్రులో బస్సు ఆగింది. కాళ్ళు సాగదీద్దామని దిగానో లేదో, గుడివాడ బస్సులోంచి నెత్తిన పెద్ద బుట్టతో రత్నం దిగింది.

నేను చప్పున తిరిగి, టీ కొట్టు గోడకు ఎదురుగా నిలబడ్డాను. గోడ మీద సబ్బు ప్రకటన ఒకటి ఉంటే, డిగ్రీ పరీక్షకు చదివినట్టు చదవసాగాను. నాలుగోసారి చదువుతుండగా వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఎంతసేపే అలా గోడకేసి నిలబడతావు? ఈ పని ఇంగ్లండులో నేను నీకంటే బాగా చేశాను."

తిరిగాను. అది చిక్కలేదు సరికదా బొద్దుగా ఉంది.

"బుట్ట ఒక పక్క పట్టుకో. బందరు దాకా బరువు" అంది.

బస్సులో బుట్ట ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకుని కూచున్నాం. కొంత దూరం పోయాక నేను, క్షమించమని అడగడానికి, "రత్నం" అని మొదలుపెట్టాను.

"నువ్వాగు. ఈసారి నేను చెబుతాను" అంది. చెప్పింది. రక్తం చూస్తే దానికి కళ్ళు తిరిగేవట. ఆపరేషను గదిలో రోగికంటే ముందు తనే పడిపోయేదట. ఇంత మంది నోటి దగ్గరి గుప్పెళ్ళతో వచ్చి, చేతకాలేదని రాయడానికి చెయ్యి రాలేదట. ఎవరైనా మనవాళ్ళు ఒక్కరు ఎదురైతే చెప్పేసి బరువు దించుకుంటాను, పంపించు తండ్రీ అని రోజూ ప్రార్థించేదట.

"అప్పుడు ఎదురుగా నువ్వు దిగావు. నాకు భయమేసి పారిపోయాను. రెండోసారి పంపాడు. నీకు దణ్ణం పెట్టానే గానీ చెప్పలేకపోయాను. మూడోసారి దేవుడి మీదే జాలేసింది, పాపం మళ్ళీ మళ్ళీ పంపుతున్నాడు కదా అని. చెప్పేద్దామని నోరు తెరిచాను. నువ్వు ప్రార్థన మొదలుపెట్టావు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. గూడూరు వచ్చింది, పోయింది. కలవడం దేవుడి చిత్తమేనని మూడు ఊళ్ళలో నేను చాటిన మాట నిజమే. ఎందుకు కలిపాడన్నది మాత్రం ఒక్కచోటా అడగలేదు.

"రొయ్యలు తిన్నావా?" అన్నాను.

రత్నం నాకేసి ఆశ్చర్యంగా చూసింది. నేను పళ్ళు బిగించి, జవాబు కోసం ఆగాను. "పిచ్చిదానా, ఆ వాసనకి అద్దె గదిలోంచి వెళ్ళగొట్టారు. పార్కులో కూచుని వేయించకుండానే తిన్నాను. అన్నీ" అంది. చెబుతూ నవ్వింది. ఆ మాట కోసం నేను నాలుగేళ్ళు ఆగాల్సి వచ్చింది.

గుడిలో ఆడవాళ్ళు వరసగా వెళ్ళి బియ్యం సంచులు గంపలో పోస్తున్నారు. చివర రత్నం వెళ్ళి తన బుట్ట పక్కన దించింది. నిండా బన్నులు. ఒక్కోటి సరిగ్గా గుప్పెడు.

"మీరు తలో గుప్పెడు ఇచ్చి పంపారు. నర్సు పని నాకు రాలేదు. రాలేదని రాయడానికి ధైర్యమూ రాలేదు. వచ్చిన పని ఇది. ఏటా ఈ పండక్కి తలకో గుప్పెడు తెచ్చిస్తాను. మా అమ్మను రెండో గుప్పెడు తీయొద్దని మీరే చెప్పండి, నా మాట వినడంలేదు" అంది. నలుగురిలో అది ఇచ్చిన ఉపన్యాసాల్లో అదే అన్నిటికంటే పెద్దది.

అందరూ సౌభాగ్యమ్మగారి వైపు చూశారు. ఆమె నిదానంగా వెళ్ళి ఒక బన్ను తీసి, కొరికి, చాలాసేపు నమిలి, "తీపి కాస్త తగ్గించాలి" అన్నారు. ఇంకోటి తీసుకున్నారు. మా వాళ్ళు క్షమించే పద్ధతి అది, అంతకంటే మించి ఆశించకూడదు. ఆ రోజు ప్రార్థనలో "మా రత్నం" అని చదివారు, ముందున్న మాట ఒకటి వదిలేసి.

అంతా బాగానే ఉంది. అప్పుడు మా గుడి పాస్టరు అయ్యగారు లేచి, "రత్నాన్ని పరదేశంలో దేవుడు ఎవరితో మూడుసార్లు కలిపాడో, ఆ కరుణమ్మగారు రెండు మాటలు సాక్ష్యం చెబితే బాగుంటుంది" అన్నారు.

గుడంతా ఒక్కసారి నావైపు తిరిగింది. రత్నం బుట్ట అంచు గట్టిగా పట్టుకుంది. నేను చేతిలో ఉన్న బన్ను మొత్తం నోట్లో కుక్కుకున్నాను. ఊపిరాడలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అయ్యగారు, "ఆమెకు మాటలు రావడంలేదు, హృదయం నిండిపోయింది" అని కూచోబెట్టారు. నా సాక్ష్యాల్లో అందరూ మెచ్చుకున్నది అదొక్కటే.

కాబట్టి బందరు, గుడివాడ, దివిసీమ వాస్తవ్యులందరికీ ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేసుకుంటున్నాను. ఇకమీదట నేను ఎవరినైనా ఒక ప్రశ్న అడిగితే, అది భూమి మీదగానీ, ఓడ మీదగానీ, రైలు జంక్షనులోగానీ, ఎదుటివాళ్ళు జవాబు పూర్తిచేసేదాకా పెదవి కదపను. దేవుడు ఎవరినైనా నా ఎదుట నిలబెడితే, ఎందుకు నిలబెట్టాడో వాళ్ళ నోటే వింటాను. ఇది నా కడ ఊపిరి దాకా.

ఇదంతా రాసి మొన్న గుడివాడ వెళ్ళి రత్నానికి చదివి వినిపించాను. "నేను ఈ మాట మీద నిలబడగలనంటావా?" అని అడిగాను.

అది పిండి కలపడం ఆపి, నావైపు తిరిగి, నోరు తెరిచింది.

"నిలబడతానులే" అన్నాను.